రంగులాయన కంటి గుట్టు

ముప్పై రెండేళ్లుగా ఊళ్లో సగం గోడలకి రంగు అమ్మిన మనిషికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఎవరూ నమ్మరనే ధైర్యంతోనే ఆయన ఆ పెయింట్ల దుకాణం నడిపాడు. అందరూ ఆయన్ని రంగులాయన అనేవాళ్లు. ఆ పిలుపు విన్నప్పుడల్లా లోపల ఎక్కడో చురుక్కుమనేది. పైకి మాత్రం మీసం సవరించుకునేవాడు.

ఈ సంగతి ఆయనకి పంతొమ్మిదో ఏట తెలిసింది. రైలింజను నడిపే ఉద్యోగానికి రాతపరీక్ష మొదటి మార్కుతో నెగ్గి, కంటి పరీక్షకి వెళ్లాడు. అక్కడి డాక్టరు రంగురంగుల చుక్కలున్న పుస్తకం చేతికిచ్చి, ఒక్కో పేజీలో ఏ అంకె కనపడుతోందో చెప్పమన్నాడు. ఈయన పుస్తకమంతా తిరగేసి, "అచ్చు తప్పినట్టుందండీ, అంకెలు వేయడం మర్చిపోయారు" అన్నాడు. డాక్టరు నవ్వలేదు. కాగితం మీద ఒక ముక్క రాసి పంపించేశాడు.

ఆ ముక్క వర్ణాంధత్వం. అలాంటి మాట నెత్తిన పడ్డవాడు రంగులున్న వీధిలోకి కూడా వెళ్లకూడదు. ఈయన మాత్రం పోయిపోయి పెయింట్ల దుకాణంలో పనికి కుదిరాడు. డబ్బా మీద రంగు పేరూ నంబరూ రాసే ఉంటాయి, చదవడం వస్తే చాలు కదా అన్నది ఆయన లెక్క. ఆ లెక్క చాలావరకు తప్పలేదు. షేడ్ కార్డులోని నంబర్లన్నీ కంఠతా పట్టాడు. కలిపే రంగుల సీసాలు ఎప్పుడూ ఒకే వరసలో పెట్టేవాడు. కళ్లని నమ్ముకునే వీల్లేదు కాబట్టి వచ్చినవాళ్లని ప్రశ్నలతో నమిలేసేవాడు. ఆ గదిలోకి ఎండ పొద్దున వస్తుందా, సాయంత్రం వస్తుందా? అందులో ఎవరు పడుకుంటారు? గోడకి చెమ్మ ఉందా? ఇంట్లో గోడల మీద గీతలు గీసే పిల్లలున్నారా? ఇంత శ్రద్ధగా అడిగే దుకాణదారు ఊళ్లో ఇంకొకడు లేడని పేరొచ్చింది.

వరస తప్పింది ఒక్కసారే. సీసాల అర దులుపుతూ ఎవరో రెండు సీసాలు అటూ ఇటూ మార్చారు. ఒక లాయరుగారు ఆఫీసుకి బూడిద రంగు అడిగితే, గోడలు గులాబీ రంగులో తేలాయి. లాయరుగారు మండిపడుతూ వస్తే రంగులాయన గోడ దగ్గరికి వెళ్లి, తల పక్కకి వంచి చూసి, "ఎండితే సర్దుకుంటుందండీ" అన్నాడు. అది సర్దుకోలేదు. కానీ ఆ గదిలో కూర్చున్న కక్షిదారులు మునుపటంత గట్టిగా అరవడం లేదని లాయరుగారే గమనించి, అలాగే ఉంచేశాడు.

గుట్టు తెలిసిన మనిషి భార్య ఒక్కతే. పెళ్లయిన వారానికే, ఒక కాలికి ఆకుపచ్చ మేజోడు, ఇంకో కాలికి గోధుమరంగు మేజోడు వేసుకుని దర్జాగా బయల్దేరుతున్న మొగుణ్ని చూసి ఆవిడకి అర్థమైంది. ఆవిడ పోస్టాఫీసులో కౌంటరు గుమస్తా. సాయంత్రం ఇంటికి వెళ్తూ దుకాణంలో ఆగి, కలిపిన రంగుకి నమూనాగా మూతల మీద పెట్టిన బొట్లన్నీ ఒకసారి చూసి, తేడా ఉంటే ఒక దగ్గు దగ్గేది. ముప్పై ఏళ్లు దుకాణం ఆ దగ్గు మీద నడిచింది.

కూతురికి మాత్రం చెప్పలేదు. చిన్నప్పుడు బడిలో అందరికీ చెప్పేస్తుందని చెప్పలేదు. పెద్దయ్యాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతుందని చెప్పలేదు. ఆ పిల్ల పెరిగి పళ్ల డాక్టర్లకి కట్టుడు పళ్లు చేసిచ్చే ల్యాబులో చేరింది. తెలుపులో పదహారు రకాలు గుర్తుపట్టడం ఆమె ఉద్యోగం. ఆ మాట విన్నప్పుడల్లా తండ్రికి గర్వమూ దడా ఒకేసారి వచ్చేవి.

అల్లుడు లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. భవనాలు తిరిగి, లిఫ్టు తీగలూ బ్రేకులూ పరీక్షించి, బాగుంటే స్టిక్కరు అంటించడం అతని పని. మనిషి మంచివాడే గానీ పని ఇంటికి కూడా మోసుకొచ్చే రకం. మామగారింటికి మొదటిసారి వచ్చినప్పుడు కూర్చోకముందే మెట్ల రెయిలింగు పట్టుకుని ఊపి చూశాడు. "పరీక్షంటే భయం దేనికి మామయ్యగారూ, పరీక్ష చేయనివాటికి భయపడాలి గానీ" అన్నది అతని ఊతపదం.

పెళ్లయి నాలుగేళ్లయినా వాళ్లకి పిల్లలు కలగలేదు. డాక్టరమ్మ చూసి, మామూలు దారి మూసుకుపోయిందనీ, పిండాన్ని బయట ల్యాబులో తయారుచేసి కడుపులో పెట్టాలనీ చెప్పింది. దానికొక సెంటరుంది. పిండాలు తయారయ్యేముందు భార్యాభర్తల రక్తంలో ఏవైనా జబ్బులు దాగున్నాయేమో చూస్తామని అక్కడ ఒక ఫారం ఇచ్చారు. చిన్న పరీక్షయితే ఆరు జబ్బులకి, పెద్ద పరీక్షయితే రెండు వందల డెబ్భై గుణాలకి. లిఫ్టుల ఇన్‌స్పెక్టరు దేనికి టిక్కు పెట్టుంటాడో చెప్పక్కర్లేదు.

ఫలితాలొచ్చిన సాయంత్రం కూతురు ఫోన్ చేసింది. రంగులాయనా భార్యా భోజనం ముగించి అరటిపళ్లు తింటున్నారు. ఫోను స్పీకరులో ఉంది.

"అమ్మా, కంగారు పడేదేం లేదు, పెద్ద జబ్బులేవీ లేవన్నారు. కానీ నా రక్తంలో వర్ణాంధత్వం ఉందట. నాకేం కాదు, నాకు మగపిల్లాడు పుడితే వాడికి రావచ్చట. అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చుండాలి అంటున్నారు. మనింట్లో రంగులు సరిగ్గా కనపడనివాళ్లు ఎవరైనా ఉన్నారా?"

భార్య మొగుడి వైపు చూసింది. రంగులాయన నోట్లో అరటిపండు ఉంది. దాన్ని మింగి, ఆలోచించకుండా అనేశాడు: "మీ అమ్మ వైపు అయ్యుంటుంది. మీ తాతయ్యకి కాస్త అనుమానమే."

ఆ తాతయ్య, అంటే ఆవిడ తండ్రి, బతికున్నన్నాళ్లూ సైనుబోర్డులు రాసినవాడు.

ఫోను పెట్టేశాక ఆవిడ లేచి వెళ్లిపోయింది. నాలుగు రోజులు ఒక్క మాట లేదు. సాయంత్రం దుకాణానికి రావడం కూడా మానేసింది. దగ్గు లేకపోయేసరికి రంగులాయనకి చేతులు ఆడలేదు. ఎవరు ఏ రంగు అడిగినా తెలుపు మీద అంత మన్నిక ఇంక దేనికీ లేదని చెప్పి తెలుపే అంటగట్టాడు. ఐదో రోజున దుకాణానికి ఒక ఉత్తరం వచ్చింది. స్టాంపు, ముద్ర అన్నీ పద్ధతిగా ఉన్నాయి. లోపల భార్య దస్తూరీ.

"మా నాన్నగారు పోయి పదకొండేళ్లయింది. ఆయన మీద లేనిపోనిది మోపినవారు వారంలోగా సరిదిద్దుకోగలరు. లేనిపక్షంలో నేనే చెప్పవలసి వస్తుంది."

వారం గడువు ముగిసే రోజునే అందర్నీ సెంటరుకి రమ్మన్నారు. ఫలితాలు విడమరిచి చెప్పడానికి అక్కడ ఒకావిడ ఉంటుంది. ఆవిణ్ని అందరూ కౌన్సిలరుగారు అంటారు. చిన్న గది, గుండ్రటి బల్ల, మధ్యలో కాగితపు రుమాళ్ల డబ్బా. ఆ డబ్బా చూడగానే రంగులాయనకి ఇక్కడ ఏడ్చేవాళ్లు కూడా ఉంటారని అర్థమైంది.

కౌన్సిలరుగారు తెల్లకాగితం మీద కుటుంబాన్ని గీయడం మొదలుపెట్టింది. మగవాళ్లకి చదరాలు, ఆడవాళ్లకి సున్నాలు. "మీ నాన్నగారికి రంగులు కనపడేవి కాదని అమ్మాయి చెప్పింది" అంది రంగులాయన భార్యతో.

"మా అమ్మాయికి ఎవరో చెప్పారు" అంది ఆవిడ. "ఇక్కడ చుక్కల పుస్తకం ఉందా?"

ఉంది. ఆవిడ తీసుకుని, పోస్టాఫీసులో పిన్‌కోడ్లు చదివినట్టు అంకెలన్నీ గడగడా చదివేసింది. పుస్తకం మూయకుండా మొగుడి ముందుకి జరిపింది.

నలభై ఏళ్ల తరవాత అదే పుస్తకం. రంగులాయన కళ్లజోడు తుడుచుకున్నాడు. పేజీ దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు.

"ఇందులో అంకెలున్నాయని మీరంతా అంటున్నారు కాబట్టి, ఉన్నాయనే అనుకుంటున్నాను" అన్నాడు చివరికి.

కౌన్సిలరుగారు ఆ గుణం ఉన్నట్టు గుర్తుగా ఆయన చదరంలో నల్లసిరా నింపింది. నలుపు మాత్రం ఆయనకి బాగానే కనపడుతుంది.

కూతురు తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, చిన్నప్పుడు నా గదికి నువ్వే రంగు వేశావు. అదేం రంగో నీకు తెలుసా?"

"నంబరు తెలుసమ్మా. రెండు వందల పదిహేడు."

ఆమెకి కోపం రావాలి. నవ్వు వచ్చింది. నవ్వుతూనే ఒక కాగితపు రుమాలు లాక్కుంది. అల్లుడికి మాత్రం నవ్వు రాలేదు, వృత్తిధర్మం గుర్తొచ్చింది.

"మామయ్యగారూ, మరి మీరు స్కూటరు నడుపుతారు కదా. ట్రాఫిక్ లైట్లు?"

"పైది వెలిగితే ఆగడం, కిందది వెలిగితే కదలడం."

"అడ్డంగా పెట్టినచోట?"

"ముందున్న బండి ఏం చేస్తే అది."

అల్లుడు కళ్లు మూసుకున్నాడు. రంగులాయనకి అప్పటికి ధైర్యం తిరిగొచ్చింది. ఆయన కౌన్సిలరుగారి వైపు తిరిగి, "ఒక్క మాటండీ. రక్తం ఇచ్చింది మా అమ్మాయి. సంతకం పెట్టింది మా అల్లుడు. వీధిన పడింది నా గుట్టు. నన్ను ఎవరు అడిగారు?" అన్నాడు.

"మీరన్నది న్యాయమే సర్" అందావిడ. "రక్తం ఒక్కరి సొంతం కాదు. ఒకరికి పరీక్ష చేస్తే అయినవాళ్లందరి సంగతీ కొంత బయటపడుతుంది. ఇంట్లోవాళ్లతో మాట్లాడుకుని సంతకం పెట్టమని ఫారం రెండో పేజీలో రాశాం."

"చదివాను" అన్నాడు అల్లుడు. "చదివాననే దగ్గర టిక్కు కూడా పెట్టాను."

ఇంటికి వెళ్లేదారిలో భార్య ఆయనతో మాట్లాడింది. "మా నాన్నకి క్షమాపణ చెప్పండి" అంది. రంగులాయన రోడ్డు పక్కన స్కూటరు ఆపి, ఆకాశం వైపు చూసి చెప్పాడు. అక్కడితో ఆ తగువు తీరింది.

అసలు తగువు ఆరు వారాలకి మొదలైంది. ఐదు పిండాలు తయారైతే, రెండు మధ్యలోనే ఆగిపోయాయి. మిగతా మూడింటినీ పరీక్షించారు. మళ్లీ అదే గది, అదే గుండ్రటి బల్ల. ఈసారి తండ్రిని రమ్మన్నది కూతురే.

కౌన్సిలరుగారు చెప్పింది: "ఒకటో నంబరు నిలిచేది కాదు, దాని గురించి ఆలోచించక్కర్లేదు. రెండో నంబరు బాగుంది. మూడోది కూడా బాగుంది. మీరు పెద్ద పరీక్ష ఎంచుకున్నారు కాబట్టి చెబుతున్నాను, మూడో నంబరుకి వర్ణాంధత్వం ఉంటుంది."

"ఆ గుణం బయటపడేది దాదాపు మగపిల్లల్లోనే అన్నారు కదా మొన్న" అన్నాడు రంగులాయన. "అంటే మూడో నంబరు..."

"ఆడా మగా మేం చెప్పం సర్" అని ఆవిడ తొందరగా మంచినీళ్లు తాగింది.

అల్లుడు అప్పటికే కాగితం మీద గీతలు గీసి, గళ్లలో మార్కులు వేసేశాడు. "ఇందులో తర్జనభర్జన ఏముంది? రెండోది పెట్టించుకుందాం. లోపం ఉన్నది పక్కన పెట్టేద్దాం."

"పక్కన అంటే ఎక్కడ బాబూ?" అన్నాడు రంగులాయన.

"గడ్డకట్టించి దాస్తారు. మనం వద్దంటే తీసేస్తారు."

"ఆహా. మా అమ్మకి ఈ పరీక్ష చేసుంటే నేను ఈ కుర్చీలో కూర్చునేవాణ్ని కాదన్నమాట."

"అవును మామయ్యగారూ" అన్నాడు అల్లుడు, లెక్క సరిపోయిందన్నట్టు. అందరూ తనవైపే చూస్తున్నారని గ్రహించాక, "అంటే... మీ సంగతి వేరు" అన్నాడు.

ఆ వెంటనే గళ్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

రంగులాయనకి తల కొట్టేసినట్టయింది. దుకాణానికి వచ్చి కూర్చున్నాడు గానీ మనసు డబ్బాల మీద లేదు. నన్ను తీసేస్తే ఈ దుకాణం లేదు, మా అమ్మాయి లేదు, అసలు ఆ కాగితం మీద గళ్లు గీయడానికి ఈ అల్లుడే ఉండడు అనుకున్నాడు. ఎవరితోనైనా అనకపోతే ఊపిరాడేలా లేదు. రోజూ రంగులు కొనడానికి వచ్చే ముసలి పెయింటరు దొరికాడు.

"మాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు" అని మొదలుపెట్టాడు రంగులాయన. "ఆయనకి రంగులు సరిగ్గా కనపడవు. మనవడు కూడా అలాంటివాడే పుడతాడని ముందే తెలిసి, వద్దనుకుంటున్నారట. నువ్వేమంటావు?"

పెయింటరు బ్రష్షు వెంట్రుకలు వేలితో విదిలిస్తూ, "ఆ ఒకాయన బాగానే బతికాడు కదండీ" అన్నాడు. "మూతల మీద రంగు పేరు పెన్సిల్‌తో నేను రాసిపెడుతుంటే చదువుకుంటూనే ఉన్నాడు, ఇరవై ఏళ్లుగా."

ఆ పెన్సిలు రాతలు కంపెనీవాళ్లవే అనుకుంటూ వచ్చాడు రంగులాయన ఇన్నేళ్లూ.

"మరెవరెవరికి తెలుసు?"

"పెయింటర్లందరికీ తెలుసండి. మీరు ప్రశ్నలు బాగా అడుగుతారు కదా అని ఎవరూ ఎత్తలేదు. కానీ నన్నడిగితే, నాకు ఎడమచేతి వాటం. చిన్నప్పుడు మా అమ్మ ఆ చేతిని కట్టేసింది. ఆవిడకి ముందే తెలిసి నన్ను మార్చుకునే వీలుంటే మార్చుకునేదే. తప్పని నేననను. నాకు మాత్రం కష్టంగా ఉండేది." అని ప్రైమరు డబ్బా భుజానికెత్తుకుని వెళ్లిపోయాడు.

ఇంకో రెండు రోజులకి మధ్యాహ్నం పూట కూతురు ఒక్కతే దుకాణానికి వచ్చింది. ల్యాబులో వేసుకునే తెల్లకోటు కూడా విప్పలేదు. పుట్టీ బస్తా మీద కూర్చుంది.

"నాన్నా, ఆయన సంగతి నాకు తెలుసు. అమ్మ మాట కూడా తెలుసు. నువ్వు చెప్పు, ఏం చేయమంటావు?"

రంగులాయన దీనికోసమే ఎదురుచూస్తున్నాడు. చెప్పాల్సిన మాటలన్నీ వరసగా సిద్ధం చేసుకున్నాడు. లాయరుగారి గులాబీ గోడల నుంచి తన పేరుప్రతిష్ఠల దాకా అంతా ఉంది. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నీకు ఐదేళ్లప్పుడు మీ అమ్మ వారం రోజులు ట్రైనింగుకి వెళ్లింది. నీకు ఒంటినిండా ఎర్రటి దద్దుర్లు లేచాయట. నాకు కనపడలేదు. ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, ఆటల్లో వచ్చిన వేడి అనుకున్నాను. జడ వేసి బడికి పంపాను. రెండోరోజు కూడా పంపాను. టీచరు నిన్ను చంకనెత్తుకుని పరుగెత్తుకొచ్చింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నావు. ఇంతలా ఉంటే చూసుకోలేదా అని డాక్టరు తిట్టాడు. ఇంట్లో బల్బు పోయిందని చెప్పాను."

కూతురు కోటు చేతులు పైకి మడుచుకుంది.

"అందుకని, అదేమీ పెద్ద విషయం కాదని నేను నీతో అనలేనమ్మా. రైలింజను నడపలేకపోయినందుకు నేనెంత ఏడ్చానో మీ అమ్మకి కూడా తెలియదు. మీరు వద్దనుకుంటే తప్పని అనలేను. కానీ మీ ఆయన ఆ కాగితం మీద లోపం అని రాసిన గడిలో నేను కూర్చునున్నాను. అంతకంటే నాకు చెప్పడానికేం లేదు."

"నాకూ ఎటూ తేలడం లేదు నాన్నా" అందామె. "ల్యాబుకి ఫొటోలు పంపిస్తుంటారు. ఉన్న పళ్లు చక్కగానే ఉంటాయి. ఇంకా తెల్లగా, ఇంకా సమంగా చేయమంటారు. చేస్తే ఇంకో మెట్టు అడుగుతారు. ఇవాళ రంగులంటున్నాం. రేపు పొడుగంటాం, ఎల్లుండి లెక్కలు రావాలంటాం. ఆ జాబితా ఎక్కడ ఆపాలో నాకు తెలియడం లేదు. అలాగని మూడో నంబరే కావాలని పట్టుబట్టాననుకో. వాడు పెద్దయి, అమ్మా నేను ఇంజను నడుపుతానంటే, వాడితో ఏమనాలి? తెలిసే నిన్ను ఇలా కన్నాను అనాలా?"

అంతలో ఎవరో వచ్చి టర్పెంటైన్ అడిగితే రంగులాయన దుకాణంలో లేదన్నాడు. సీసాలు ఆయన వెనకే ఉన్నాయి.

దారి చూపించింది భార్య. ఆదివారం అల్లుణ్నీ కూతుర్నీ పిలిచి కాఫీ ఇచ్చి, "రెండూ బాగున్నాయన్నారు కదా. రెండింట్లో ఏది బాగా ఎదుగుతోందో ల్యాబువాళ్లే చూసి ముందు దాన్ని పెట్టమనండి. ఏ నంబరో మనకి చెప్పొద్దనండి" అంది.

అల్లుడి మొహం మాడిపోయింది. "అత్తయ్యగారూ, రిపోర్టు చేతిలో పెట్టుకుని, చూడకుండా లిఫ్టు ఎక్కమన్నట్టుంది."

"మీరు లిఫ్టుకి స్టిక్కరు వేస్తారు కదా బాబూ, అది ఎన్నాళ్లు?"

"ఏడాదండి."

"పిల్లలకి ఆ ఏడాది కూడా ఎవరూ రాసివ్వరు."

అతను ఇంకా ఏదో అనబోతుంటే అత్తగారు అడ్డుకుంది. "మీ నాన్నగారికి ముప్పయ్యో ఏటికే బట్టతల. మీకు ఇప్పుడు ముప్పై నాలుగు. ఆ గుణం కూడా చూసి చెబుతామంటే టిక్కు పెట్టేవారా?" అని అడిగింది.

అతని చెయ్యి తనకి తెలియకుండానే నుదుటి మీదికి, అక్కణ్నుంచి ఇంకా వెనక్కి వెళ్లింది. జుట్టు తగిలేదాకా వెళ్లాల్సి వచ్చింది. కాఫీ పూర్తిచేసి, "సరే, అలాగే చేద్దాం" అన్నాడు.

కౌన్సిలరుగారు ఒప్పుకుంది. నంబరు తన చెవిన కూడా పడకుండా చూసుకుంటానంది. ఆవిడ మొహం చూసి కనిపెట్టడానికి అల్లుడు రెండుసార్లు ప్రయత్నించాడని తరవాత తెలిసింది.

మొదటిసారి పెట్టింది నిలవలేదు. పద్నాలుగో రోజున ఫోన్ వచ్చింది. కూతురు రెండు రోజులు పనికి వెళ్లలేదు. రంగులాయన ఆమె ఇంటికి వెళ్లి ఏం మాట్లాడాలో తెలియక, వంటింటి తలుపుకి పెచ్చులూడిన చోట గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు కొట్టి వచ్చాడు. అన్ని వారాలు ఏది కావాలి ఏది వద్దని వాళ్లు పడ్డ గొడవంతా ఒక్క ఫోనుతో ఎటు పోయిందో తెలియలేదు. మిగిలింది ఒకటే పిండం. అది రెండో నంబరా, మూడో నంబరా అని ఎవరూ నోరెత్తలేదు. అల్లుడు కూడా అడగలేదు. మూడు నెలల తరవాత దాన్ని పెట్టారు. నిలిచింది.

మగపిల్లాడు పుట్టాడు. తలనిండా జుట్టుతో పుట్టాడని అల్లుడు కనపడ్డవాళ్లందరికీ చెప్పాడు.

రంగులాయన ఎవరికీ చెప్పకుండా ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాడు. అరటిపండు పచ్చిదో పండిందో నొక్కి చూడాలి. మాంసం ఉడికిందా లేదా అన్నది చాకుతో చూడాలి, రంగుతో కాదు. మేజోళ్లు ఒకే రకం డజను కొనుక్కోవాలి. ఎవరైనా ఇది ఏం రంగు అని అడిగితే, మీకేమనిపిస్తోంది అని తిరిగి అడగాలి. ఇలా నలభై ఆరు సంగతులు రాశాడు. ఆయనకి ఇవేవీ చెప్పినవాళ్లు లేరు. అన్నీ దెబ్బలు తిని నేర్చుకున్నవే. మనవడికి ఆ దెబ్బలు తగలవు కదా అనుకుంటూ రాశాడు.

పిల్లాడికి మూడున్నరేళ్లు వచ్చాక సాయంత్రాలు దుకాణంలో దింపేవారు. ఒకరోజు ఒకావిడ గేటుకి గోధుమరంగు ఎనామిల్ అడిగింది. రంగులాయన కళ్లజోడు పెట్టుకోకుండానే చేతికందిన డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. పిల్లాడు స్టూలెక్కి మూత మీద బొట్టు చూసి, వీధి చివరిదాకా వినపడేలా చెప్పాడు.

"తాతయ్యా, ఇది ఆకుపచ్చ. నువ్వు మళ్లీ తప్పు తెచ్చావు."

ఆవిడ వంగి చూసి, "నిజమే, ఆకుపచ్చే" అంది. పిల్లాడు స్టూలు దిగి, అర దగ్గరికి వెళ్లి, సరైన డబ్బా తట్టి చూపించాడు. ఆ తరవాత పక్కనున్నవాటి రంగులన్నీ వరసగా చెప్పాడు, ఒక్కటీ తప్పకుండా.

రంగులాయన ఆవిడకి డబ్బా ఇచ్చి పంపించి, కుర్చీలో కూలబడ్డాడు. సంతోషించాలి. వీడికి ఏ డాక్టరూ కాగితం మీద ముక్క రాసి పంపడు. కావాలంటే రైలింజను నడుపుతాడు. అయినా సంతోషం రాలేదు. వీడు రెండో నంబరు. అంటే మొదట పెట్టింది, నిలవనిది, మూడో నంబరు. తనలాంటివాడు. వాడికోసం రాసిన నలభై ఆరు సంగతులు ఇంక ఎవరికీ పనికిరావు. ఆ దిగులు కాస్త తగ్గాక ఇంకో ఆలోచన వచ్చి ఆయన్ని కదలనివ్వలేదు. అల్లుడు తన కాగితం మీద గళ్లు గీసుకున్నాడు. మరి నేనేం చేశాను? నాకు కావలసిన మనవడెలా ఉండాలో నేనూ ఒక పుస్తకమంతా రాసుకున్నాను.

పిల్లాణ్ని తీసుకెళ్లడానికి అల్లుడు వచ్చాడు. వచ్చీరాగానే అలవాటుగా షట్టరు పైకీ కిందకీ ఊపి చూసి, మామగారి మొహం చూసి ఆగిపోయాడు.

"ఒంట్లో బాగాలేదా మామయ్యగారూ?"

"మీవాడికి రంగులన్నీ తెలుసు బాబూ. ఇప్పుడే చూశాను."

అల్లుడు ఇంకో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నాకు ఆర్నెల్ల క్రితమే తెలుసండి. పిల్లలకని బొమ్మలతో ఉండే చుక్కల పుస్తకం ఒకటి కొన్నాను. మీ అమ్మాయికి చెప్పలేదు. మా ఆఫీసు లిఫ్టులో నిలబెట్టి పరీక్షించాను. అన్నీ చెప్పాడు. నాకు చాలా సంతోషమేసింది. ఆ సంతోషం మీ కంటపడకూడదని ఇన్నాళ్లూ జాగ్రత్తపడ్డాను."

"నాకు దిగులేసింది" అన్నాడు రంగులాయన. "అది మీ కంటపడకూడదనే ఇలా కూర్చున్నాను."

అల్లుడు మామగారి వైపు చూశాడు. మామగారు అల్లుడి వైపు చూశాడు. ఎవరు ముందు నవ్వారో తెలియదు. అల్లుడు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "మీ అమ్మాయికి ఆ లిఫ్టు సంగతి చెప్పకండి" అన్నాడు.

"చెప్పను. వాడికి రంగులు తెలుసని ఎలా కనిపెట్టారని మీ ఆవిడ అడిగితే ఏం చెప్పాలో మనం ఒక మాట అనుకుందాం" అన్నాడు రంగులాయన.

పిల్లాడు ఈలోగా మూత ఊడిన డబ్బాలో మోచేతిదాకా చెయ్యి ముంచేశాడు. అల్లుడు పరుగెత్తి వాణ్ని పట్టుకున్నాడు. రంగులాయన పాత గుడ్డ వెతికి, దాని మీద టర్పెంటైన్ వంపుతూ, చర్మానికి మంట పుట్టకుండా ఎలా తుడవాలో అల్లుడికి చూపించసాగాడు.